తన దుకాణంలోనే జీతానికి కుదిరిన వదిన

మొన్నొక రోజు మా చిన్నకోడలు నా బీరువా తెరిచి, అడుగు అరలో మడత పెట్టి ఉన్న చీరనొకదాన్ని బయటికి లాగింది. ఆకుపచ్చ చీర, ఎర్రంచు. అటు పట్టు చీర అనడానికి లేదు, ఇటు మామూలు చీర అనడానికీ మనసొప్పదు. "అత్తమ్మా, దీని మీదికి మంచిగ మగ్గం పని జాకెట్ చేసిస్త, వచ్చే నెల పెండ్లికి కట్టుకోండ్రి" అంది. మహబూబ్‌నగర్‌లో మా ఇంటి వరండాలో ఆమె మగ్గం చట్రం పెట్టుకుని ఏడాది దాటింది. చట్రానికి గుడ్డ బిగించి లాగి కట్టుకుని, దాని మీద వంగి కూర్చుని, పూసలూ జరీ కుడుతూ ఉంటుంది. పనితనం ఉంది, అడిగేవాళ్లూ ఉన్నారు. అయినా ఆ రోజు ముఖం వేలాడేసుకునే ఉంది. "పెండ్లిళ్ల సీజనంత తల ఎత్తకుంట కుట్టిన అత్తమ్మా. పైసలైతే వచ్చినయి. ఏడ పోయినయో ఎరుక లేదు. ఇయ్యాల జరీ కొందమంటే ఫోన్ల ఏం లేదు" అంది. ఎక్కడికి పోయాయో నాకు తెలుసు. పాలవాడికీ, కూరగాయల బండికీ, పిల్లవాడి స్కూలు వ్యానుకూ, గ్యాస్ బండకూ అన్నిటికీ అదే ఫోను. సరేలే, ముందు నా జాకెట్‌కు ఎంత తీసుకుంటావో చెప్పమన్నాను. నాలుక కరుచుకుంది. "అయ్యో, మీ దగ్గర తీసుకుంటనా అత్తమ్మా!" అంది. ఆ మాట విన్నాక, ఒళ్లో ఆ చీర ఉండగా, నాకు మా వదిన గుర్తు రాకుండా ఎట్లా ఉంటుంది? ఆ చీర ఆమె పెట్టిందే.

మా పుట్టిల్లు నకిరేకల్. హైవే మీద బస్సు దిగి రెండు మలుపులు తిరిగితే మా గల్లీ. మా అమ్మా బాపూ పోయాక ఆ ఇంట్లో అన్నా వదినే ఉన్నారు. అన్నకు ట్రాలీ ఆటో ఉండేది. తోటల నుంచి నిమ్మకాయల బస్తాలు మార్కెట్‌కు తోలేవాడు. ఇంటికి వస్తుంటే ముందు నిమ్మకాయల వాసన, తర్వాత ఆటో చప్పుడు, ఆ తర్వాత ఆయన వచ్చేవాళ్లు. మాట గట్టి, మనసు మెత్తన, చేతికి మాత్రం చిల్లి. వదినది మర్రిగూడ దిక్కు. అక్కడి బోరు నీళ్లు తాగి పెరిగింది కాబట్టి పండ్ల మీద గోధుమరంగు చారలుండేవి. నవ్వొచ్చినప్పుడల్లా కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. అంతే తప్ప నవ్వడం ఏనాడూ తగ్గించుకోలేదు. నేను టీచరు ఉద్యోగం చేస్తూ ఎండాకాలం సెలవుల్లో పుట్టింటికి పోతే, నా సంచి అందుకోకముందే "వచ్చిందమ్మా జీతమొచ్చే మర్దలు, ఇగ మనం జర అదుపుల ఉండాలె" అని గల్లీకంతా వినబడేలా అనేది. నెలనెలా జీతం వచ్చే మనిషి ఆమెకు ఒక వింత. ఆ వింత ఎందుకో నాకు చాలా ఏళ్లు తెలియలేదు.

ఇప్పుడు జొన్నరొట్టె సంగతి చెప్పాలి. మా చిన్నప్పుడు పొద్దుమాపు జొన్నరొట్టే, జొన్నరవ్వ ఉడికించిన గట్కే. వరి అన్నం పండుగకు, పెండ్లికి, చుట్టాలొస్తే. బడిలో ఎవరైనా ఏం తిన్నావని అడిగితే అన్నమే తిన్నానని అబద్ధం చెప్పేవాళ్లం. ఆ తర్వాత రేషన్ బియ్యం వచ్చాయి, రొట్టె వెనక్కి పోయింది, పెనం అటకెక్కింది. తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు ఏం మాయ జరిగిందో కానీ డాక్టర్లందరూ ఒక్క మాట అనుకున్నట్టు షుగర్ ఉన్నవాళ్లను జొన్నరొట్టె తినమనడం మొదలుపెట్టారు. మేము దాచుకున్న సిగ్గును కార్లలో వచ్చి కొనుక్కుపోయే రోజులొచ్చాయి. కానీ రొట్టె కొట్టడం అందరికీ వచ్చే విద్య కాదు. మసిలే నీళ్లు పిండిలో పోసి, చేయి కాలుతున్నా అలాగే పిసకాలి. పీట మీద పిండి చల్లి ముద్దను అరచేత్తో తట్టుతూ తిప్పుతూ ఉంటే, అంచు పగలకుండా చందమామలా విచ్చుకోవాలి. పెనం మీద వేసి తడిగుడ్డతో పైన తుడవాలి. తిప్పి నిప్పుల మీద పెడితే పూరీలా పొంగాలి. మా వదిన రొట్టె కొడుతుంటే ఆ చప్పుడు హైవే మీదికి కూడా వినబడుతుందని అన్న కోతలు కోసేవాడు. హైవే ఏమో కానీ ఎదురింటికి మాత్రం వినబడింది. ఆ ఇంటి సారుకు షుగర్. ఆయన భార్య కొడితే రొట్టె ముక్కలయ్యేది. రోజూ రెండు రొట్టెలు చేసిస్తావా అని వదినను అడిగారు. పక్కింటికి రొట్టె పెట్టి పైసలు తీసుకోవడమేమిటని వదిన కొన్ని వారాలు ఉత్తగానే ఇచ్చింది. సారు మొహమాటపడి రొట్టెలు మానేసే దాకా వచ్చాక గానీ పైసలు తీసుకోలేదు. ఆయన వెంట ఇంకొకరు, వాళ్ల వెంట మరొకరు. గల్లీ వైపున్న ముందర అర్ర, అంటే ముందు గది కిటికీ కాస్తా దుకాణమైపోయింది.

దుకాణం అనుకున్నది జనమే, ఇంట్లోవాళ్లు అనుకోలేదు. ఇంట్లో ఉన్న జొన్నల బస్తా ఒకటే. అందులోంచే ఇంటికీ, అమ్మకానికీ. వచ్చిన నోట్లు వంటింట్లో పోపుల డబ్బా పక్కన ఒక స్టీలు డబ్బాలో పడేవి. ఆ డబ్బాలో చేయి పెట్టని వాళ్లు లేరు. అన్న బీడీలకు, ఎవరో వస్తే చాయ్ పొడికి, నేను పోయిన రోజు కోడి కూరకు. నా కోసమని తెచ్చిన ఆ కూరను నేనూ లొట్టలేసుకుంటూ తిన్నాను. చుట్టాలు హైవే మీద పోతూ పోతూ ఆగి, "వదినా, నీ రొట్టె తినక ఎన్ని దినాలాయె" అంటూ డజను మూట కట్టించుకుపోయేవాళ్లు. చుట్టాన్ని పైసలడుగుతామా! అంతలో ఫోన్లతో పైసలు కొట్టే కాలం వచ్చింది. పైసలు పడగానే గట్టిగా పలికే చిన్న డబ్బా ఒకటి కిటికీలో పెట్టారు. ఫోను అన్నది, ఖాతా కూడా అన్నదే. డబ్బా పలికేది వదిన ముందర, పైసలు పడేది అన్న ఖాతాలో. పలికినప్పుడల్లా వదిన సంబరపడేది. నెలనెలా ఆటో కిస్తీ అదే ఖాతాలోంచి దానంతటదే కోసుకుపోతుందని అప్పట్లో మా ఎవరికీ తట్టలేదు. అన్నకు తెలిసి ఉండాలి, కానీ ఆయనకు అది తప్పనిపించలేదు.

ఆ ఎండాకాలం నేను అక్కడే ఉన్నాను. మార్కెట్ వెనక ఒకింట్లో పెండ్లి పెట్టుకున్నారు. వచ్చే చుట్టాలకు రొట్టెలు కావాలని వదినకు పెద్ద పని చెప్పారు. ఆమెకు కాళ్లు నేల మీద ఆనలేదు. జొన్నలు తేవడానికి సంచి పట్టుకుని, అన్న ఫోను తీసుకుని పోయింది. వారం రోజులుగా ఆ డబ్బా పలుకుతూనే ఉంది కాబట్టి ఖాతా నిండుగా ఉంటుందని ఆమె లెక్క. దుకాణంలో ఫోను చూస్తే ఏమీ లేదు. ముందు రోజే కిస్తీ పోయింది. ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుని తిరిగొచ్చింది. ఆ సమయానికి అన్న చేతిలోనూ పైస లేదు. పెండ్లివాళ్లు వేరే చోట చెప్పుకున్నారు. ఆ రోజు కిటికీ తెరవలేదు, మర్నాడూ తెరవలేదు. రోజూ వచ్చేవాళ్లు వచ్చి చూసి పోయారు. అన్న మంచం మీద కూర్చుని, "బంద్ పెట్టు పీడ పోతది. కాళ్లు గుంజుడు తప్ప ఏమన్న మిగులుతుందా నీకు?" అన్నాడు. "ఎట్ల మిగుల్తది? నా పైసలు నీ ఆటో మింగె" అంది వదిన. "నీ పైసలు, నా పైసలు ఏందే? ఒక్క ఇంట్ల నీది నాది ఉంటదా? అన్నీ కలిపే గదా!" అన్నాడు అన్న. నిజానికి ఆయన ప్రేమగానే అన్నాడు. ఆ మాటకు వదిన ముఖం మాత్రం మాడిపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వు దాచుకోవడానికి కాదని నాకు కాసేపటికి అర్థమైంది.

మధ్యాహ్నం బస్తా అడుగున మిగిలిన గుప్పెడు జొన్నలు చాటలో పోసుకుని వెనక వరండాలో కూర్చుంది. నేను పక్కన కూర్చున్నాను. ఏమైందని అడిగితే "మా నాయిన యాదికొచ్చిండు" అంది. వాళ్ల నాయినను నేను పెండ్లిలో చూశాను. నీళ్లలోని ఫ్లోరైడు వల్ల నడుము వంగిపోయి, ముఖం నేలకు చూస్తూ నడిచేవాడు. వాళ్లకు సెంటు భూమి లేదు. ఆయన ఊర్లో ఒక పెద్దాయన దగ్గర జీతముండేవాడు. ఉగాది నుంచి ఉగాది దాకా ఇంత అని మాట్లాడుకుని, ఏడాది పొడుగునా వాళ్ల ఎడ్లు, వాళ్ల పొలం, వాళ్ల కొట్టం చూసుకోవాలి. "పొద్దుగాల ఆడ్నే తింటుండె. వాళ్ల పాత ధోతి కట్టుకుంటుండె. నాకు జరమొస్తే ఆడికెళ్లే ఇన్ని జొన్నలు, ఇన్ని మందు పైసలు తెస్తుండె. వాళ్లు కాదనకపోదురు. మంచోళ్లే అనుకుంటుంటిమి" అంది. చాటలోని జొన్నలను వేళ్లతో అటూ ఇటూ జరిపింది. "ఉగాది నాడు పోయి నా జీతం అని నిలబడితే, 'అన్నీ కలిపి చూస్తే నీకు వచ్చేది ఏం లేదురా' అనేటోడు ఆ పెద్దాయన. ప్రతి ఉగాదికి గదే మాట. ఏది ఎంతనో నాయినకు ఎరుకలేదు. అంత కలిసిపాయె గదా, ఎట్ల ఎరుకైతది? మా నాయిన జీతం ఎట్లుంటదో మేం కండ్ల చూడలే." మళ్లీ అంది: "కలిపినకాడ బలం లేనోని దానికి ఆపతి వస్తది, మర్దలా. నా రొట్టెలకు బలం లేదు. మీ అన్న ఆటోకుంది."

చిన్నప్పటి నుంచీ కలిసి ఉండడం మంచిదని పిల్లలకు చెప్పి చెప్పి అలవాటైన దాన్ని. వినడానికి నాకది కొత్తగా ఉంది. మరి ఏం చేస్తావన్నాను. చాట చెరిగింది, లేచి నీళ్లు తాగింది, వచ్చి మళ్లీ కూర్చుంది. ఆఖరుకు, "నేను జీతానికి కుదుర్త" అంది. ఎవరి దగ్గరని నేను కంగారుపడ్డాను. "గా దుకాణం కాడ" అని ముందర అర్ర వైపు వేలు చూపించింది. దుకాణం ఒక ఆసామి, తను దాని దగ్గర పనిమనిషి. పనిమనిషి ఆసామి గల్లాలో చేయి పెట్టకూడదు. ఆసామి మాత్రం నెల కాగానే జీతం పనిమనిషి చేతిలో పెట్టి తీరాలి. తన నాయిన విషయంలో జరగంది తన విషయంలో జరగాలి, అంతే. నాకు నవ్వొచ్చింది. ఆమెకు రాలేదు.

మర్నాడు బ్యాంకుకు నన్ను తోడు తీసుకుపోయింది. కౌంటర్‌లో ఉన్నాయన ఆధార్ చూసి, "అమ్మా, నీ పేరు మీద ఖాతా ఉన్నది గదా, ఇంకోటెందుకు?" అన్నాడు. వదిన తడుముకోలేదు. "అది నాది సారూ. గిది రొట్టెలది" అంది. ఆయన కండ్లజోడు తీసి మళ్లీ పెట్టుకున్నాడు. రొట్టెలకు ఆధార్ ఉందా అని అడగలేదు కానీ అడగాలని ఉందని ముఖంలో తెలిసిపోయింది. ఏమనుకున్నాడో ఏమో, ఫారాలు తీసి ఇచ్చాడు. కొన్నాళ్లకు తనకంటూ ఒక ఫోను తెచ్చుకుని, కిటికీలోని పలికే డబ్బాను కొత్త ఖాతాకు మార్పించింది. అదే గొంతు, అవే మాటలు. అయినా ఇప్పుడది తనతో మాట్లాడుతున్నట్టుందని ఫోన్లో నాతో చెప్పి మురిసిపోయింది.

తర్వాత నేను ఎప్పుడు పోయినా నాకదే పని, ఇల్లు, దుకాణం, ఆ రెండు ఇండ్ల నడుమ గీత ఎక్కడిదాకా పోయిందో వెతకడం. ముందర అర్రకు కర్టెన్ పడింది. కర్టెన్ ఇవతల ఇల్లు, అవతల ఆసామి. జొన్నల బస్తాలు రెండయ్యాయి, గ్యాస్ బండలు రెండయ్యాయి. ముందర అర్ర ఇంటిది కాబట్టి దుకాణం నెలనెలా ఇంటికి కిరాయి కట్టాలి. ఆ కిరాయితో ఇంటికి కరెంటు బిల్లు. మరి ఉప్పెవరిదని అడిగాను. దుకాణం ఉప్పు వేరే సీసాలో చూపించింది. మరి నీళ్లు? నల్లా నీళ్లు ఎవరివీ కావు, దేవునివి అంది. నేను వదల్లేదు. కిటికీ కింద రాలిన పిండిని ఇంటి కోళ్లు తింటున్నాయి. ఆ కోళ్లు పెట్టే గుడ్లను ఇంట్లోవాళ్లు తింటున్నారు. అంటే దుకాణం సొమ్ము కోడి కడుపులోంచి ఇంట్లోకి వస్తున్నట్టే కదా! దీనికేమంటావ్ అన్నాను, పెద్ద తప్పు పట్టినట్టు. వదిన కోళ్ల దిక్కు చూసింది. "కోడి ఒక్కటే రెండిండ్లది" అని కొంగు అడ్డం పెట్టుకుని పడి పడి నవ్వింది. నెల మొదటి రోజు మాత్రం ఆ నవ్వు ఉండేది కాదు. తానం చేసి, బొట్టు పెట్టుకుని, కర్టెన్ అవతల నిలబడి, దుకాణం ఖాతా నుంచి తన ఖాతాకు జీతం వేసుకునేది. తన ఫోను టింగుమంటే గానీ కర్టెన్ దాటి ఇవతలికి వచ్చేది కాదు.

అన్నకు వచ్చిన తంటా తినే రొట్టె దగ్గర. ఇంటి పొయ్యి మీద ఇంటి జొన్నలతో చేసిన రొట్టె ఆయనకు ఎప్పుడైనా ఉత్తగానే. కానీ ఆటో తోలి వచ్చేసరికి ఇంటి పొయ్యి చల్లారి, ముందర అర్రలో వేడి రొట్టెలు పొంగుతూ ఉండేవి. వాటి మీదికే ప్రాణం పోయేది. చేయి చాపితే వదిన, "గవి దుకాణంవి. పైసలిచ్చి తిను" అనేది. మొగునికి రొట్టె అమ్మే ఆడదాన్ని ఎక్కడన్నా చూశారా అని అన్న గల్లీలో అందరినీ అడిగాడు. ఎవరూ చూడలేదట. అలిగి కొన్నాళ్లు అన్నమే తిన్నాడు. ఆఖరుకు ఒక సాయంత్రం గల్లీ వైపు నుంచి వచ్చి, ఎవరో ముక్కూమొహం తెలియని గిరాకీలా కిటికీ ముందు నిలబడి, రొట్టెలు తీసుకుని గుట్టుగా ఫోను కొట్టాడు. ఆ డబ్బాకు గుట్టు ఏం తెలుసు? ఇన్ని రూపాయలు అందాయని గల్లీ అంతా వినేలా అరిచింది. ఎదురింటి సారు అరుగు మీద నుంచి చప్పట్లు కొట్టాడు. ఆ తర్వాత అన్నకు సిగ్గు తీరిపోయి రోజూ కొనుక్కుని తిన్నాడు.

ఇక్కడిదాకా నాకంతా ముచ్చటగానే ఉంది. ఆ మరుసటి ఏడు నాకు ఒడిబియ్యం పోయాలన్న మాట వచ్చింది. కొన్నేండ్లకోసారి పెండ్లయిన ఆడబిడ్డను పుట్టింటికి పిలిచి, పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, పోకలు ఒడిలో పోసి, చీర పెట్టి పంపాలి. నా ఒడి నిండక చాలా ఏళ్లయింది. చుట్టాలందరినీ పిలిచి, యాట కోసి, నాకు పట్టుచీర, కాళ్లకు వెండి పట్టీలు పెట్టి ఘనంగా చేయాలని అన్న పట్టుబట్టాడు. నిమ్మకాయల ధర పడిపోయి ఆ ఏడు ఆటోకు పని సరిగా లేదు. "దుకాణంల ఉన్నయి గదా, తియ్యి" అన్నాడు. ఉన్నమాట నిజమే. చిన్న గిర్ని కొనడానికని దుకాణం కూడబెట్టుకుంటోంది. అప్పటిదాకా వదిన రోజూ జొన్నల గంప నెత్తిన పెట్టుకుని దూరపు గిర్నికి పోయి పిండి పట్టించుకొస్తోంది, మోకాళ్లు సహకరించకపోయినా. సొంత గిర్ని వస్తేనే దుకాణం నిలుస్తుంది, లేదంటే ఆ మోకాళ్లతోనే మూతపడుతుంది. వదిన కాదంది. "నీ చెల్లె ఒడి ఇంటిది. ఇంట్ల ఎంతుంటే అంతనే పోద్దాం" అంది. అన్న ఆమెతో మాట్లాడడం మానేశాడు. ఆడబిడ్డ ఒడి నింపడానికి చెయ్యి రాలేదు, కిటికీలో మాత్రం పైసలు కూస్తూనే ఉన్నాయి అని చుట్టాలు చెవులు కొరుక్కున్నారు. ఆ మాట మహబూబ్‌నగర్ దాకా, నా దాకా వచ్చింది. నాకు కష్టమనిపించింది. ఆ రూల్స్ అన్నీ నాకు తెలుసు, వాటిని చూసి ముచ్చటపడ్డదాన్ని. అయినా అమ్మ లేని పుట్టింట్లో నాకంటూ ఉన్న ఒకే ఒక్క హక్కు ఒడిబియ్యం, అదీ కర్టెన్ ఇవతలే ఆగిపోయిందా అనిపించి ఏడ్చాను కూడా.

అనుకున్న రోజుకు మా ఆయనా నేనూ పోయాం. దగ్గరి వాళ్లు నాలుగిండ్ల వాళ్లే వచ్చారు. యాట లేదు, కోడి కూర. పీట మీద కూర్చున్నాను. అన్నా వదినా కలిసి దోసిళ్లతో బియ్యం పోశారు. కుడుకలు, పోకలు, జాకెట్ గుడ్డ, ఒక మామూలు చీర. అన్న తల ఎత్తి నా ముఖం చూడలేదు. అందరూ భోజనాలకు లేచాక వదిన నా చెయ్యి పట్టుకుని ముందర అర్రలోకి, కర్టెన్ అవతలికి తీసుకుపోయింది. గిర్ని పైసలు తీసి ఇస్తుందేమోనని నాకు భయమేసింది. ఇస్తే తీసుకోకూడదని గట్టిగా అనుకున్నాను. ఆమె అక్కడ ఏదీ ముట్టుకోలేదు. కర్టెన్ పక్కకు తొలగించి నన్ను మళ్లీ ఇవతలికి తెచ్చింది. "నేను కుదిరిన జాగ నీకు చూపెట్టి ఇద్దామనుకున్న. ఇచ్చేది మాత్రం ఈడ ఇయ్యాలె" అంది. తన పెట్టె తెరిచి ఆకుపచ్చ చీర తీసింది, ఎర్రంచుది. "ఇది ఇంటిది కాదు, మీ అన్నది కాదు, దుకాణంది అసలే కాదు. నెలనెల నా జీతంల కెల్లి కూడబెట్టి కొన్న. ఎవ్వరిని అడగలే." నా భుజం మీద వేసి, అంచు సవరించింది. "మా నాయిన ఆయుష్షంత జీతమున్నడు, మర్దలా. బిడ్డా గిది నా జీతంతోని తెచ్చిన అని ఒక్క రైక ముక్క మాకు పెట్టనీకి ఆయన నోసుకోలే. నేను పెడుతున్న. ఇగ ఏడ్వకు, కూర సల్లారుతది."

కూర చల్లారిపోయే తిన్నాం. అన్న వంటింటి గడపలో నిలబడి అంతా విన్నాడట. ఆ తర్వాత కొన్నాళ్లకు దుకాణం బస్తాలు మార్కెట్ నుంచి తన ఆటోలో తెచ్చి దించి, కిటికీ ముందుకు వచ్చి చెయ్యి చాపాడు. "ఆటో కిరాయి. నా ఆటోది, నాది కాదు" అన్నాడు. వదిన నవ్వాపుకోలేక, కొంగు పెట్టుకోవడం కూడా మరిచిపోయి, పండ్లన్నీ కనబడేలా నవ్వుతూ కిరాయి ఇచ్చిందని ఎదురింటి సారు నాకు వర్ణించి చెప్పాడు. గిర్ని కూడా వచ్చింది. ఇప్పుడు చుట్టుపక్కల నాలుగు గల్లీల వాళ్లు అక్కడే పిండి పట్టించుకుంటారు. వాళ్ల పట్టుడు పైసలు గిర్నివట, రొట్టెలవి కావట. ఈ మధ్య ఫోన్ చేసినప్పుడు చెప్పింది, ఇంకో ఖాతా తెరవనీకి పోతే బ్యాంకులో కొత్తాయన మళ్లీ ఎందుకమ్మా అని అడిగాడని. ఈ గీతలు గీయడం ఎక్కడ ఆగుతుందో చూడాలని నాకు ఇప్పటికీ ఆశగానే ఉంది.

ఇదంతా చెప్పి ముగించేసరికి వరండాలో ఎండ చట్రం మీదికి వచ్చింది. కోడలు సూది పక్కన పెట్టి వింటూ ఉంది. "మరి మీ దగ్గర తీసుకున్నంక, గా పైసలతోని నేనేం చెయ్యాలె అత్తమ్మా?" అని అడిగింది. ముందు నీ మగ్గానికి ఒక ఖాతా తెరువు, అది నీకు జీతమిచ్చిన తర్వాత నీ ఇష్టం, నన్ను అడగొద్దు అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. జాకెట్ ధర చెప్పింది, మొహమాటంతో కొంచెం తగ్గించే చెప్పింది. నేను బయట గిరాకీలు ఎంత ఇస్తారో అడిగి అంతే ఇచ్చాను. తర్వాత ఆ చీరను విప్పి ఎండలో చూసుకున్నాను. రంగు ఏమీ తగ్గలేదు. నడుము వంగిన ఆ ముసలాయన ప్రతి ఉగాదికీ పోయి నిలబడి అడిగిన జీతం ఆయన చేతికి ఏనాడూ రాలేదు. అది ఆయన బిడ్డ చేతికి వచ్చి, నా భుజం మీదికి చేరి, ఇవాళ నా కోడలి మగ్గం దాకా రావడానికి ఇన్నేళ్లు పట్టింది.